ఆఫీసు డేటాబేస్‌లో డాక్యుమెంట్ లింకులు కొన్ని తెరుచుకుంటున్నాయి, కొన్ని తెరుచుకోవడం లేదు

పెన్నా ఒడ్డు (నెల్లూరు)
2024 నవంబర్ 11, ఉదయం 10:42

అందరికీ నమస్తే. నెల్లూరులో ఒక రొయ్యల కొనుగోలు ఆఫీసులో రికార్డులు చూసుకుంటాను. రైతుల వివరాలన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్‌లో ఉన్నాయి. ఒక్కో గుంతకు ఒక్కో రికార్డు. ఫారంలో రైతు పేరు కింద ఐదు లింకులు ఉంటాయి: పట్టాదారు పాస్‌బుక్, కౌలు అగ్రిమెంటు, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్, సీడ్ బిల్లు, పట్టుబడికి ముందు రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల కోసం చేయించే పరీక్ష (పీహెచ్‌టీ) రిపోర్టు. లింకు మీద నొక్కితే స్కాన్ చేసిన పీడీఎఫ్ తెరుచుకోవాలి.

ఈ మధ్య ఫైళ్లన్నీ ఉండే పాత సిస్టం (సర్వర్) తీసేసి కొత్తది పెట్టారు. సర్వీసు చేసే అతను ఫైళ్లన్నీ కొత్తదానిలోకి మార్చి, యాక్సెస్‌ను రెండు ముక్కలు చేసి (ఫారంలు ఒక ఫైల్, వివరాల టేబుల్స్ ఇంకో ఫైల్), ఫారంలు ఉన్న ఫైల్‌ను ఒక్కొక్కరి సిస్టంలో ఒక్కో కాపీ పెట్టాడు. అప్పటి నుంచి కొన్ని లింకులు నొక్కితే ‘కెనాట్ ఓపెన్ ద స్పెసిఫైడ్ ఫైల్’ అని వస్తోంది. నా సిస్టంలో రానిది అకౌంట్స్ సిస్టంలో వస్తోంది, అక్కడ రానిది ఇంకో చోట వస్తోంది. కందుకూరు వైపు రైతులవైతే ఎక్కడా రావడం లేదు. ఫైళ్లు మాత్రం ఫోల్డర్లలో కనిపిస్తూనే ఉన్నాయి.

ఎగుమతి కంపెనీ వాళ్లు ట్రేసబిలిటీ రికార్డులు చూడటానికి వస్తామన్నారు. ఏ గుంత సరుకు అడిగితే ఆ గుంత కాగితాలు అక్కడికక్కడే చూపించాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పగలరా?


కావలి ప్యాసింజర్ (కావలి)
2024 నవంబర్ 11, ఉదయం 11:05

మేడం, ఒక్కో లింకు తీసేసి మళ్లీ పెట్టుకుంటూ పోవడమే. కొత్త చోటు నుంచి బ్రౌజ్ చేసి ఇస్తే పని చేస్తుంది.


ఒంగోలు గిత్త (ఒంగోలు)
2024 నవంబర్ 11, ఉదయం 11:31

దయచేసి ఒక్క లింకు కూడా ఇప్పుడే మళ్లీ పెట్టకండి. ఎందుకు తెరుచుకోవడం లేదో తెలియకుండా చేత్తో దిద్దితే, ఏది పాతదో ఏది కొత్తదో తెలియని కలగాపులగం తయారవుతుంది. తర్వాత ఒకేసారి సరిచేసే దారి కూడా మూసుకుపోతుంది.

ముందు అందరినీ యాక్సెస్ మూసేయమని చెప్పి, టేబుల్స్ ఉన్న ఫైల్‌ను అంటే బ్యాకెండ్‌ను, పెన్‌డ్రైవ్‌లోకో వేరే సిస్టంలోకో కాపీ చేసి పెట్టుకోండి. ఏం చేసినా ఆ తర్వాతే.

ఆపైన మాకు కావాల్సింది ఒకటుంది. ఫారంలో కనిపించే నీలం అక్షరాలు కేవలం పైకి కనిపించే పేరు, అసలు చిరునామా దాని వెనక ఉంటుంది. టేబుల్ తెరిచి, మౌస్‌తో నొక్కకుండా ట్యాబ్ కీతో ఆ గడిలోకి వెళ్లి, ఎఫ్2 నొక్కండి. అప్పుడు లోపల నిజంగా ఏం రాసి ఉందో కనిపిస్తుంది. తెరుచుకునేవి రెండు, తెరుచుకోనివి కొన్ని తీసి ఇక్కడ పెట్టండి. రైతుల పేర్లు ఉంటే తీసేయండి.


పెన్నా ఒడ్డు
2024 నవంబర్ 11, మధ్యాహ్నం 12:50

బ్యాకప్ తీశాను అన్నా. లోపల చూస్తే ఒక్కోటి ఒక్కో రకంగా ఉంది.

ఉలవపాడు, ఎక్కడా తెరుచుకోదు:
పాస్‌బుక్#డి:\రైతులు\ప్రకాశం\ఉలవపాడు\0147 పాస్‌బుక్.పీడీఎఫ్#

ముత్తుకూరు, కొత్త సిస్టంలో ఉన్న పాత యాక్సెస్ ఫైల్ నుంచి తెరుచుకుంటుంది, మా సిస్టంలలోని కాపీల నుంచి రాదు:
రిపోర్టు#నెల్లూరు\ముత్తుకూరు\0932 పీహెచ్‌టీ.పీడీఎఫ్#

కోట, నా దగ్గర తెరుచుకుంటుంది, అకౌంట్స్‌లో రాదు:
అగ్రిమెంటు#జెడ్:\నెల్లూరు\కోట\0618%20కౌలు.పీడీఎఫ్#

ఈ # గుర్తులు మేం పెట్టినవి కాదు.


ఒంగోలు గిత్త
2024 నవంబర్ 11, మధ్యాహ్నం 1:34

మంచి నమూనాలు ఇచ్చారు. మీది ఒక జబ్బు కాదు, కనీసం మూడు. అందుకే ఒక సిస్టంలో వచ్చింది ఇంకోదానిలో రావడం లేదు.

# గుర్తులు యాక్సెస్ పెట్టుకునేవి. హైపర్‌లింక్ ఫీల్డ్‌లో మొదటి # ముందు ఉండేది పైకి కనిపించే పేరు. మొదటి #కు రెండో #కు మధ్య ఉండేది చిరునామా. దాని తర్వాత ఉప చిరునామా (ఫైల్ లోపల ఏ చోటో చెప్పేది), ఆ తర్వాత మౌస్ పెడితే కనిపించే చిన్న వివరణ. చూడాల్సింది రెండో ముక్కనే.

ఉలవపాడు లింకు డి డ్రైవ్‌ను వెతుకుతోంది. అది పాత సిస్టంలోని డి డ్రైవ్, ఆ సిస్టమే ఇప్పుడు లేదు. ఒకవేళ ఎవరి సిస్టంలోనైనా డి డ్రైవ్ ఉన్నా, అది వాళ్ల సొంత డ్రైవ్. అందులో మీ ఫైళ్లు ఉండవు.

ముత్తుకూరు లింకులో డ్రైవ్ పేరే లేదు. యాక్సెస్ ఫైల్, డాక్యుమెంట్లు ఒకే డ్రైవ్‌లో ఉన్నప్పుడు బ్రౌజ్ చేసి లింకు పెడితే యాక్సెస్ ఇలా సగం చిరునామానే రాసుకుంటుంది. అలాంటి లింకును ‘నేను తెరిచి ఉన్న ఫోల్డర్ నుంచి లోపలికి వెళ్లు’ అని అర్థం చేసుకుంటుంది. అందరూ సర్వర్‌లో ఉన్న ఒకే ఫైల్ తెరిచినన్నాళ్లు ఇబ్బంది లేదు. ఇప్పుడు ఒక్కొక్కరి సిస్టంలో కాపీ ఉంది కాబట్టి మీ డెస్క్‌టాప్ మీద ‘నెల్లూరు\ముత్తుకూరు’ అనే ఫోల్డర్ కోసం వెతుకుతోంది. అక్కడ ఉండదు కదా.

ఫారంలను విడగొట్టి కాపీలు ఇవ్వడంలో తప్పేం లేదు, అదే సరైన పద్ధతి. కాకపోతే విడగొట్టే ముందు లింకుల సంగతి చూడాల్సింది.

జెడ్ డ్రైవ్ సంగతి నెట్‌వర్క్ చూసేవాళ్లు నాకంటే బాగా చెప్తారు.


చీమకుర్తి నల్లరాయి (చీమకుర్తి)
2024 నవంబర్ 11, సాయంత్రం 6:15

నేను గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో నెట్‌వర్క్ చూస్తాను. మా దగ్గరా పర్మిట్లు, ఇన్‌వాయిస్‌లు, షిప్పింగ్ బిల్లులు ఇలాగే లింకుల మీద నడుస్తాయి.

జెడ్ అనేది నిజమైన డ్రైవ్ కాదు. మీ విండోస్ లాగిన్‌లో, సర్వర్‌లోని ఒక షేర్డ్ ఫోల్డర్‌కు మీరు పెట్టుకున్న ముద్దుపేరు. అకౌంట్స్ సిస్టంలో అదే ఫోల్డర్‌కు వై అని పెట్టి ఉండొచ్చు, అసలు పెట్టకపోయి ఉండొచ్చు. రెండు సిస్టంలలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్ యూజ్’ కమాండ్ కొట్టండి. ఏ అక్షరం ఏ షేర్డ్ ఫోల్డర్‌కు పోతోందో చూపిస్తుంది. అక్కడ రెండు వెనక్కి వాలిన గీతలతో మొదలయ్యే చిరునామా కనిపిస్తుంది, ‘\\సర్వర్\రైతులు’ లాగా. దాన్నే యూఎన్‌సీ పాత్ అంటారు. అది ఆఫీసులో అందరికీ ఒకటే. లింకు ఎప్పుడైనా దాని మీదే ఆధారపడాలి.

ఒక జాగ్రత్త. కొందరు సిస్టం పేరు బదులు ఐపీ నంబర్ పెడతారు. రూటర్ మార్చినా, కరెంటు పోయి వచ్చాక రూటర్ కొత్త నంబర్లు పంచినా మళ్లీ అన్నీ పోతాయి. సిస్టం పేరే వాడండి. ఐపీయే వాడక తప్పదంటే రూటర్‌లో ఆ సిస్టంకు ఆ నంబర్ రిజర్వ్ చేయించండి.

ఇంకొకటి. మీ కొత్త సిస్టంలో విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ ఉందా? ఉంటే పాస్‌వర్డ్ లేని షేరింగ్ పని చేయకపోవచ్చు. అందులో ప్రో ఎడిషన్ గెస్ట్‌గా లోపలికి వెళ్లడాన్ని డిఫాల్ట్‌గా ఆపేసింది, ఎస్ఎంబీ సైనింగ్‌ను (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునేటప్పుడు అవతలి సిస్టం నిజమైనదేనా అని సరిచూడటం) తప్పనిసరి చేసింది. అలాంటప్పుడు లింకు రాత ఎంత సరిగ్గా ఉన్నా ఫైల్ రాదు. సెక్యూరిటీ తగ్గించే సెట్టింగుల జోలికి పోకుండా సర్వర్‌లో ఒక యూజర్, పాస్‌వర్డ్ పెట్టి ఆ పేరుతో కనెక్ట్ అవ్వండి.

తేల్చుకోవడం తేలిక. యాక్సెస్ మూసేసి, మామూలు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ \\ చిరునామా టైప్ చేయండి. అక్కడ తెరుచుకుంటే తప్పు లింకులో ఉంది. అక్కడా రాకపోతే షేరింగ్‌లో ఉంది, డేటాబేస్‌ను ముట్టుకోవద్దు.


పెన్నా ఒడ్డు
2024 నవంబర్ 12, ఉదయం 10:10

నల్లరాయి గారూ, చాలా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే ఉంది. నా దగ్గర జెడ్, అకౌంట్స్‌లో వై. ఎక్స్‌ప్లోరర్‌లో \\ చిరునామా కొడితే అన్ని సిస్టంలలోనూ వస్తోంది, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ముందే పెట్టి ఉన్నారు. కాబట్టి షేరింగ్ బాగానే ఉన్నట్టు.

కందుకూరు సంగతి కూడా తెలిసింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కందుకూరు, ఉలవపాడు, గుడ్లూరు వైపు మండలాలు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చాయి, గూడూరు వైపు కోట, వాకాడు, చిల్లకూరు తిరుపతి జిల్లాలోకి పోయాయి. సిస్టం మార్చేటప్పుడు మా ఆపరేటర్ ఒకరు ఫోల్డర్లు కూడా కొత్త జిల్లాల ప్రకారం సర్దడం మొదలుపెట్టారు. ఉలవపాడు, గుడ్లూరు ఫోల్డర్లు ప్రకాశం లోంచి తీసి నెల్లూరులో పెట్టారు. కోట ఇంకా సర్దలేదు, అందుకే అది నా దగ్గర తెరుచుకుంటోంది.


ఉదయగిరి కోట (ఉదయగిరి)
2024 నవంబర్ 12, ఉదయం 11:20

అదీ అసలు సంగతి. జిల్లా పేరు కాగితంలో ఉండాలి, టేబుల్‌లో ఒక ఫీల్డ్‌గా ఉండాలి, ఫైల్ దారిలో ఉండకూడదు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దాని పేరు ప్రకాశం అయింది. 2008లో నెల్లూరు పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. 2022లో హద్దులే మారాయి. గుంత ఉన్నచోటే ఉంది, రైతు ఉన్నచోటే ఉన్నాడు. ప్రభుత్వం గీత మార్చినప్పుడల్లా మన పీడీఎఫ్ ఎందుకు కదలాలి?

రైతు నంబర్‌కు ఒక ఫోల్డర్ పెట్టండి. 0147 అంటే 0147, అంతే. ఆ రైతు ఏ మండలం, ఏ జిల్లా అనేది టేబుల్ చెప్తుంది.


కావలి ప్యాసింజర్
2024 నవంబర్ 12, ఉదయం 11:48

కోట గారూ, వినడానికి బాగుంది గానీ ఆఫీసుల్లో అలా నడవదు. యాక్సెస్ మొరాయించిన రోజు మేనేజర్ నేరుగా ఫోల్డర్ తెరిచి ‘ఉలవపాడు వాళ్లవి చూపించు’ అంటాడు. అన్నీ నంబర్లే ఉంటే ఎవరిది ఏదో ఎలా తెలుస్తుంది? మండలం ఫోల్డర్ ఉండాల్సిందే.

అసలు ఈ గొడవంతా లేకుండా యాక్సెస్‌లోనే అటాచ్‌మెంట్ ఫీల్డ్ ఉంది కదా. పీడీఎఫ్‌లు దాంట్లోనే పెట్టేస్తే లింకు అనే మాటే ఉండదు.


ఒంగోలు గిత్త
2024 నవంబర్ 12, మధ్యాహ్నం 2:05

అటాచ్‌మెంట్ గురించి ముందు చెప్తాను. పది, ఇరవై ఫైళ్లకు అది మంచిదే. కానీ ఒక యాక్సెస్ ఫైల్ మొత్తం 2 జీబీ దాటకూడదు. ఒక్కో స్కాన్ 300 కేబీ అనుకున్నా 7000 ఫైళ్లు పెట్టేసరికి ఆ హద్దు వచ్చేస్తుంది, అది కూడా మిగతా టేబుల్స్ లెక్కలోకి తీసుకోకుండా. మేడం ఆఫీసులో రైతుకు ఐదు కాగితాలు, పీహెచ్‌టీ అయితే ప్రతి పట్టుబడికీ కొత్తది. ఎంత తొందరగా నిండుతుందో మీరే చూడండి. పైగా ఫైల్ పాడైతే వివరాలతో పాటు కాగితాలూ పోతాయి. ఇప్పుడు యాక్సెస్ పోయినా పీడీఎఫ్‌లు భద్రంగా ఉన్నాయి. ఆ భద్రతను పోగొట్టుకోవద్దు.

మండలం ఫోల్డర్ గురించి మీరు చెప్పిన దాంట్లో న్యాయం ఉంది. మేనేజర్‌కు ఫోల్డర్ తెరిచే అలవాటు ఉంటే మండలం వరకు ఉంచండి, జిల్లా మాత్రం తీసేయండి. నన్నడిగితే ఉదయగిరి వారి మాటే నాది. మండలం వారీగా రైతు నంబర్, పేరు ఉన్న రిపోర్టు వారానికోసారి పీడీఎఫ్ తీసి అదే ఫోల్డర్ పైన పెడితే మేనేజర్ అవసరం తీరిపోతుంది.

మేడం, ముందు ఈ లెక్క తీయండి. కొత్త క్వెరీలో లింకు ఫీల్డ్ మీద ‘హైపర్‌లింక్ పార్ట్’ అనే ఫంక్షన్ పెట్టి, రెండో విలువగా 2 ఇవ్వండి. అది చిరునామాను మాత్రమే విడదీసి ఇస్తుంది. 3 ఇస్తే ఉప చిరునామా వస్తుంది. ఖాళీ లింకులను వదిలేయమని షరతు పెట్టండి. రెండు కాలమ్‌లూ పక్కపక్కన పెట్టుకుని, చిరునామా మొదటి మూడు అక్షరాల ప్రకారం గుంపులుగా లెక్కించండి. డి డ్రైవ్‌వి ఎన్ని, జెడ్‌వి ఎన్ని, డ్రైవ్ లేనివి ఎన్ని, ఇంకేమైనా ఉన్నాయా అనేది ఒక్క చూపులో తెలుస్తుంది.

3తో వచ్చే కాలమ్ ఖాళీగా ఉండాలి. ఉండకపోతే చెప్పండి.


పెన్నా ఒడ్డు
2024 నవంబర్ 12, సాయంత్రం 5:22

క్వెరీ వచ్చింది అన్నా. డి, జెడ్, డ్రైవ్ లేనివి, ఈ మూడే ఎక్కువ. కొన్ని సి డ్రైవ్ నుంచి ఒకరి సొంత డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి పోతున్నాయి, వాటిలో వన్‌డ్రైవ్ అనే పేరు ఉంది.

మూడో ముక్క ఖాళీగా లేనివి కూడా ఉన్నాయి. ఎక్కువ విడవలూరు, అల్లూరు పాస్‌బుక్‌లే. ఒకటి ఇలా ఉంది:
పాస్‌బుక్#జెడ్:\నెల్లూరు\విడవలూరు\214#2బి పాస్‌బుక్.పీడీఎఫ్#
ఇక్కడ చిరునామా కాలమ్‌లో 214 దగ్గరే ఆగిపోయింది. మిగతాది పక్క కాలమ్‌లో వచ్చింది.


ఉదయగిరి కోట
2024 నవంబర్ 12, సాయంత్రం 6:40

దస్తావేజులు రాసే ఆఫీసుల్లో ఇది నేను చాలా చూశాను. సర్వే నంబర్ 214/2బి. ఫైల్ పేరులో ఏటవాలు గీత పెట్టడానికి విండోస్ ఒప్పుకోదు. అప్పుడు ఆపరేటర్ చేతికి అందిన గుర్తు పెడతాడు. ఒకరు హైఫన్, ఒకరు చుక్క, ఒకరు #. హైఫన్ పెట్టినవాళ్ల లింకులు తెరుచుకుంటాయి, # పెట్టినవాళ్లవి తెరుచుకోవు. ఎందుకంటే యాక్సెస్‌కు # అంటే ‘ఇక్కడితో చిరునామా అయిపోయింది’ అని అర్థం.

ఫోల్డర్‌లో ఫైల్ కళ్లముందు కనిపిస్తూ ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సిస్టం పాడైందనో, పీడీఎఫ్ రీడర్ పాడైందనో అనుకుంటారు.


ఒంగోలు గిత్త
2024 నవంబర్ 12, రాత్రి 9:18

ఇది బయటపడటం చాలా మంచిదైంది. సిస్టం మార్చకముందు కూడా ఈ లింకులు తెరుచుకుని ఉండవు, ఎవరూ నొక్కి చూసి ఉండరు.

ఇప్పుడు అన్నింటినీ కలిపి ఆలోచిద్దాం. అప్‌డేట్ క్వెరీతో (చాలా రికార్డులను ఒకేసారి మార్చేది) డి:\రైతులు అన్నచోట \\సర్వర్\రైతులు అని మార్చేస్తే ఇవాళ్టికి పని జరిగిపోతుంది. కానీ రేపు సర్వర్ మారితే మళ్లీ వేల లింకులు దిద్దాలి. నేను గట్టిగా చెప్పేది ఒకటే: మారే భాగం ఒక్కచోటే రాసి ఉండాలి. వేల రికార్డుల్లో ఆఫీసు సర్వర్ పేరు రాసి పెట్టుకోకూడదు.

బ్యాకెండ్‌లో ‘సెట్టింగులు’ అనే చిన్న టేబుల్ చేయండి. అందులో ఒకే వరుస, ఒకే ఫీల్డ్: డాక్యుమెంట్లు ఉన్న మూల ఫోల్డర్, అంటే \\సర్వర్\రైతులు\. రైతుల టేబుల్‌లో హైపర్‌లింక్ ఫీల్డ్ పక్కనే ప్రతి కాగితానికి ఒక షార్ట్ టెక్స్ట్ ఫీల్డ్ పెట్టండి. అందులో మిగతా దారి మాత్రమే ఉండాలి: ఉలవపాడు\0147 పాస్‌బుక్.పీడీఎఫ్. పాత హైపర్‌లింక్ ఫీల్డ్‌లను అప్పుడే తీసేయొద్దు.

కొత్త ఫీల్డ్‌ను అప్‌డేట్ క్వెరీతోనే నింపాలి. చిరునామా తీసుకుని, ఉప చిరునామా ఖాళీగా లేకపోతే మధ్యలో # పెట్టి రెండూ కలిపితే విరిగిపోయిన 214#2బి మళ్లీ అసలు ఫైల్ పేరుగా నిలబడుతుంది. తర్వాత %20 ఉన్నచోట ఖాళీ పెట్టండి. ఇది మర్చిపోవద్దు. హైపర్‌లింక్‌గా ఉన్నప్పుడు %20ను ఖాళీగా అర్థం చేసుకుంటుంది కాబట్టి తెరుచుకుంటోంది. మామూలు టెక్స్ట్‌గా మారాక ఆ పేరుతో ఫైల్ దొరకదు. చివరగా ముందున్న డి:\రైతులు\ప్రకాశం\, జెడ్:\నెల్లూరు\ లాంటివి తీసేయండి, ఒక్కో రకాన్ని ఒక్కో క్వెరీతో. అన్నీ ఒకే క్వెరీలో ఇరికించొద్దు, ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోలేరు. సర్వర్‌లోనూ జిల్లా ఫోల్డర్లలోని మండలం ఫోల్డర్లన్నీ తెచ్చి ‘రైతులు’ కిందనే పెట్టుకోవాలి.

షార్ట్ టెక్స్ట్‌లో 255 అక్షరాలకు మించి పట్టవు. మీ దారులు అంత పొడవు లేవు గానీ, ఒకసారి పొడవు కొలిచే క్వెరీ నడపండి.


చీమకుర్తి నల్లరాయి
2024 నవంబర్ 12, రాత్రి 9:55

అన్న చెప్పింది సరైన దారి. కానీ అది పూర్తయ్యేలోపు ఆడిట్ వాళ్లు వస్తే ఎలా? అప్పటిదాకా గడవడానికి రెండు చిట్కాలు.

మొదటిది. డ్రైవ్ లేని ముత్తుకూరు రకం లింకులకు యాక్సెస్‌లో ‘హైపర్‌లింక్ బేస్’ అనే గడి ఉంది. ఫైల్ మెనూలో ఇన్ఫోకు వెళ్లి డేటాబేస్ ప్రాపర్టీస్ తెరిస్తే సమ్మరీ పేజీలో కనిపిస్తుంది. అందులో \\సర్వర్\రైతులు\ అని రాస్తే సగం చిరునామాలన్నీ అక్కడి నుంచి వెతుక్కుంటాయి. ప్రతి సిస్టంలోని కాపీలోనూ పెట్టాలి.

రెండోది. ఉలవపాడు ఫోల్డర్ కదిలింది కదా, పాత చోట ప్రకాశం ఫోల్డర్‌లో ఉలవపాడు పేరుతో ఒక జంక్షన్ పెట్టండి. సర్వర్ సిస్టం మీదే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎంకేలింక్’ కమాండ్‌కు జే ఆప్షన్ ఇచ్చి చేయాలి. పాత దారిలో వచ్చినవాళ్లను అది నిశ్శబ్దంగా కొత్త ఫోల్డర్‌లోకి పంపుతుంది. డి ఆప్షన్‌తో చేసే సింబాలిక్ లింక్ వద్దు, నెట్‌వర్క్ మీద నుంచి వచ్చేవాళ్లకు అది మామూలుగా పని చేయదు. జంక్షన్‌ను సర్వరే విప్పుకుంటుంది కాబట్టి ఇబ్బంది ఉండదు.

డి డ్రైవ్ లింకులకు మాత్రం జంక్షన్ ఒక్కటే చాలదు, ఆ ముందు భాగాన్ని అప్‌డేట్ క్వెరీతో \\సర్వర్ అని మార్చాలి. అది మార్చాక ప్రకాశం ఫోల్డర్ వరకు వచ్చి, అక్కడి నుంచి జంక్షన్ గుండా లోపలికి పోతాయి.


పెన్నా ఒడ్డు
2024 నవంబర్ 13, సాయంత్రం 4:30

జంక్షన్ పెట్టించాను, హైపర్‌లింక్ బేస్ కూడా పెట్టాను. ముత్తుకూరు, ఇందుకూరుపేట రిపోర్టులు అన్ని సిస్టంలలో తెరుచుకుంటున్నాయి. డి డ్రైవ్‌వి కూడా మార్చాక ఉలవపాడు, గుడ్లూరు వస్తున్నాయి. గుండె కుదుటపడింది.

మీరు చెప్పిన కొత్త ఫీల్డ్‌లు కాపీ మీద చేసి నింపాను. ఇక ఏ ఫైల్ నిజంగా ఉంది, ఏది లేదు అని చూడటానికి తెలిసిన అబ్బాయి చేత ఒక మాక్రో (చిన్న ప్రోగ్రాం) రాయించాను. వింత ఏంటంటే, ఇంగ్లీషు పేర్లున్న ఫైళ్లన్నీ ఉన్నాయంటోంది, తెలుగు పేర్లున్నవి ఒక్కటీ లేవంటోంది. ఫోల్డర్ తెరిస్తే ఉన్నాయి!


ఒంగోలు గిత్త
2024 నవంబర్ 13, సాయంత్రం 5:12

మీ ఫైళ్లకేమీ కాలేదు, కంగారు పడకండి. ఆ అబ్బాయి వీబీఏలో, అంటే మాక్రోలు రాసే భాషలో, ‘డిర్’ ఫంక్షన్ వాడి ఉంటాడు. అది పాతకాలపు పద్ధతిలో పేర్లు చదువుతుంది, తెలుగు అక్షరాలన్నీ దానికి ప్రశ్నార్థకాలుగా కనిపిస్తాయి. అందుకే దొరకలేదంటుంది. దాని బదులు ‘ఫైల్ సిస్టం ఆబ్జెక్ట్’ తీసుకుని అందులోని ‘ఫైల్ ఎగ్జిస్ట్స్’ వాడమనండి. అది యూనికోడ్ పేర్లను, అంటే తెలుగు లాంటి లిపుల్లోని పేర్లను కూడా, సరిగ్గా చదువుతుంది.

ఇక్కడ ఒక మాట. తెలుగు పేర్లు తీసేసి ఇంగ్లీషులో పెట్టుకోండని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మన రైతు కాగితానికి మన అక్షరాల్లో పేరు ఉండటంలో తప్పు లేదు, తప్పు ఆ పాత ఫంక్షన్‌ది.

అదే మాక్రోలో ఫలితాన్ని రికార్డులో రాయించండి: ఉంది, లేదు, చివరగా ఎప్పుడు చూశాం. ఫారంలో హైపర్‌లింక్ బదులు బటన్ పెట్టించండి. నొక్కగానే సెట్టింగులు టేబుల్ నుంచి మూల ఫోల్డర్ తీసుకుని, మిగతా దారిని దానికి కలిపి, ఫైల్ ఉందో లేదో చూసి, ఉంటే తెరవాలి. లేకపోతే ఏ దారిలో వెతికిందో మొత్తం తెర మీద చూపించాలి. ‘ఫైల్ తెరవలేకపోయాం’ అని మాత్రం చెప్పే మెసేజ్ ఎవరికీ ఉపయోగపడదు. దారి కనిపిస్తే మీ కొత్త ఆపరేటర్ కూడా తప్పు ఎక్కడుందో పట్టుకోగలడు.

తెరవడానికి ‘ఫాలో హైపర్‌లింక్’ వాడితే # ఉన్న పేర్ల దగ్గర మళ్లీ అదే తంటా. విండోస్ షెల్ ద్వారా, అంటే ఎక్స్‌ప్లోరర్‌లో ఫైల్ మీద నొక్కినట్టే, తెరిపించండి. ఇంకా మంచిది, ఆ విడవలూరు ఫైళ్ల పేర్లలో # తీసి హైఫన్ పెట్టేయడం. ఫైల్ పేరు, టేబుల్‌లోని దారి, రెండూ ఒకే మాక్రోతో ఒకేసారి మార్చాలి.


కావలి ప్యాసింజర్
2024 నవంబర్ 14, ఉదయం 9:40

ఇదంతా చదివాక అటాచ్‌మెంట్ గురించి నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నా. మండలం ఫోల్డర్ మాత్రం ఉండాలనే అంటాను.

నాదొక ప్రశ్న. సెట్టింగులు టేబుల్ ఎందుకు? యాక్సెస్ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే ‘కరెంట్ ప్రాజెక్ట్ పాత్’ ఉంది కదా, దాన్నే మూలంగా తీసుకోవచ్చుగా?


ఒంగోలు గిత్త
2024 నవంబర్ 14, ఉదయం 10:25

విడగొట్టని డేటాబేస్‌కైతే సరిపోతుంది. విడగొట్టిన దాంట్లో అది ఫారంలు ఉన్న ఫైల్ చోటు చెప్తుంది, టేబుల్స్ ఉన్న ఫైల్ చోటు కాదు. అంటే ఒక్కో సిస్టంలో ఒక్కో జవాబు వస్తుంది. మేడం ఇబ్బంది మొదలైంది సరిగ్గా అక్కడే.


చీమకుర్తి నల్లరాయి
2024 నవంబర్ 14, ఉదయం 11:02

ఒక పని మిగిలింది. షేర్డ్ ఫోల్డర్‌లో అందరికీ మార్చే హక్కు ఉన్నంతకాలం ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే ఫోల్డర్ పేరు సర్దుతారు. అందరికీ చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. స్కాన్‌లు పెట్టే ఒకరిద్దరికి రాసే హక్కు ఇవ్వండి. కొత్త స్కాన్‌లు పడేయడానికి పక్కన ‘కొత్తవి’ అని ఒక ఫోల్డర్ పెట్టి, అక్కడి నుంచి సరైన పేరుతో ఆ ఒకరిద్దరే లోపలికి పంపాలి.

ఆ వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) దారుల సంగతి కూడా తేల్చుకోండి. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ చేస్తే డాక్యుమెంట్స్ ఫోల్డర్ చోటే మారిపోతుంది. ఆ ఫైళ్లు ఒకరి సొంత అకౌంట్‌లో ఉంటాయి, ఆ మనిషి ఉద్యోగం మానేస్తే వాటితో పాటే పోతాయి. ఇప్పుడే సర్వర్‌లోకి తెప్పించండి. యాక్సెస్ బ్యాకెండ్‌ను మాత్రం వన్‌డ్రైవ్‌లో ఎప్పుడూ పెట్టొద్దు, ఇద్దరు ఒకేసారి తెరిస్తే పాడవుతుంది.


పెన్నా ఒడ్డు
2024 నవంబర్ 16, మధ్యాహ్నం 12:15

అందరికీ నమస్కారం. కొత్త ఫారం నడుస్తోంది. తెలుగు పేర్ల ఫైళ్లు కూడా ఉన్నాయనే వస్తోంది. జిల్లా ఫోల్డర్లు తీసేశాం, మండలం వరకు ఉంచాం, కాబట్టి ప్యాసింజర్ గారి మాట, కోట గారి మాట సగం సగం విన్నట్టే. వన్‌డ్రైవ్‌లో ఉన్నవి తెచ్చి పెట్టాం. రాసే హక్కు నాకు, స్కానింగ్ చూసే అమ్మాయికి మాత్రమే ఉంది.

‘లేదు’ అని వచ్చినవి ఇంకా కొన్ని ఉన్నాయి. ఇవి లింకు తప్పులు కావు, అసలు కాగితం ఎక్కడా లేదు. కొన్ని ఫోన్‌లో వాట్సాప్‌కు వచ్చి అక్కడే ఉండిపోయినవి. మండలం వారీగా జాబితా తీసి ఫీల్డ్ వాళ్లకు ఇచ్చాను. పాస్‌బుక్ కాపీ కోసం రైతులు మళ్లీ పొలాల నుంచి రావాలంటే కష్టం. ఈలోగా ఏదైనా దారి ఉందా కోట గారూ?


ఉదయగిరి కోట
2024 నవంబర్ 16, మధ్యాహ్నం 1:03

ఉందమ్మా. మీ టేబుల్‌లో సర్వే నంబర్, ఖాతా నంబర్ ఉంటే మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1-బి తీసి పెట్టుకోవచ్చు. భూమి ఎవరి పేరున ఉందో అప్పటిదాకా అది చూపిస్తుంది. ఫైల్ పేరులో ‘పాస్‌బుక్’ అని పెట్టకుండా ‘1బి’ అనే పెట్టండి, ఆడిట్ వాళ్లకు ఏది అసలు కాగితమో ఏది తాత్కాలికమో తేడా తెలియాలి. పీహెచ్‌టీ రిపోర్టు పోతే పరీక్ష చేసిన ల్యాబ్‌లోనే రిపోర్టు నంబర్ చెప్పి కాపీ అడగండి. కౌలు అగ్రిమెంటు మాత్రం రైతు దగ్గర, భూమి యజమాని దగ్గరే ఉంటుంది. ఫీల్డ్ వాళ్లు సీడ్ వేసేటప్పుడు ఎలాగూ గుంత దగ్గరికి పోతారు కదా, అప్పుడే ఫోటో కాకుండా స్కాన్ యాప్‌తో పీడీఎఫ్ తీసుకురమ్మనండి. తెచ్చినవి నేరుగా ‘కొత్తవి’ ఫోల్డర్‌లో పడాలి.


పెన్నా ఒడ్డు
2024 నవంబర్ 16, మధ్యాహ్నం 1:20

అలాగే చేస్తాను. ఉలవపాడు వాళ్లవి ఈ వారమే మొదలుపెడుతున్నాం.